పైప్ ఆర్గన్ నిర్మాణం, పునరుద్ధరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

పైప్ ఆర్గన్ ఎలా పనిచేస్తుంది?

పైప్ ఆర్గన్ అంటే కీబోర్డుతో వాయించే, పైపుల్లోకి గాలి పంపి మోగించే వాద్యం. తిత్తులు గాలిని నిలకడైన ఒత్తిడితో నిల్వ ఉంచుతాయి. ఆ గాలి చెక్క గొట్టాల గుండా గాలిపెట్టెలోకి చేరుతుంది, గాలిపెట్టె మీద పైపులు వరుసలు తీరి నిలబడి ఉంటాయి. ఒకే తీరు నాదం ఇచ్చే పైపుల వరుసను స్టాప్ అంటారు. వాద్యకారుడు స్టాప్ మీట లాగినప్పుడు ఆ వరుసకు గాలి దారి సిద్ధమవుతుంది. మెట్టు నొక్కినప్పుడు ఆ స్వరానికి చెందిన కవాటం తెరుచుకుంటుంది. ఈ రెండూ జరిగితేనే పైపు మోగుతుంది. 61 మెట్లున్న కీబోర్డుకు ఒక్కొక్క స్టాప్‌లో సాధారణంగా 61 పైపులు కావాలి, కొన్ని స్టాపుల్లో ఒక్కో మెట్టుకు నాలుగైదు పైపులు కూడా ఉంటాయి, కనుక 40 స్టాపుల ఆర్గన్‌లో పైపుల సంఖ్య రెండు వేలు దాటడం మామూలే. అమెరికాలోని అట్లాంటిక్ సిటీ బోర్డ్‌వాక్ హాల్ ఆర్గన్‌లో 33,000కు పైగా ఉన్నాయి. అయితే అది కొలతల పోటీలో పుట్టిన వాద్యం, దాన్ని ప్రమాణంగా తీసుకోనక్కరలేదు.

హార్మోనియం కూడా గాలితోనే మోగుతుంది కదా, దానికీ దీనికీ తేడా ఏమిటి?

హార్మోనియంలో పైపులు ఉండవు. సందులో అటూ ఇటూ స్వేచ్ఛగా ఊగే ఇత్తడి రీడే అక్కడ స్వరాన్ని నిర్ణయిస్తుంది. ఆర్గన్‌లో అధిక భాగం ఫ్లూ పైపులు. వీటిలో కదిలే భాగమంటూ ఏదీ లేదు, పైపు నోటి దగ్గర పలుచని పొరలా వెలువడే గాలి పైపెదవిని తాకి లోపలికీ బయటికీ ఊగడం వల్ల లోపలి గాలి స్తంభం కంపిస్తుంది. మిగిలినవి రీడు పైపులు. బూటు అనే వీటి అడుగు భాగం లోపల ఒక ఇత్తడి నాలుక, షాలట్ అనే చిన్న దోనెలాంటి గొట్టానికి తగులుతూ కంపిస్తుంది, దాని పైన నిలిపిన పొడవాటి పైపు ఆ ధ్వనికి రంగునీ బలాన్నీ ఇస్తుంది.

స్టాపుల మీద 8 అడుగులు, 4 అడుగులు అని ఎందుకు రాసి ఉంటుంది?

ఆ స్టాప్‌లోని అన్నిటికన్నా మంద్రమైన పైపు పొడవు అది. పైకి తెరిచి ఉన్న పైపు సుమారు 8 అడుగులుంటే సెకనుకు దాదాపు 65 కంపనాలు చేస్తుంది, అంటే కీబోర్డు అడుగు స్వరం రాసిన శ్రుతిలోనే పలుకుతుంది. నాలుగడుగుల స్టాప్ ఒక స్థాయి పైన, 16 అడుగుల స్టాప్ ఒక స్థాయి కింద పలుకుతాయి. 32 అడుగుల పైపు సెకనుకు 16 కంపనాలే చేస్తుంది. దాన్ని చెవికంటే ముందు కూర్చున్న బల్ల పసిగడుతుంది. పై కొనను మూసేసిన పైపు సగం పొడవుతోనే అదే స్వరం ఇస్తుంది. ఎత్తు చాలని భవనాల్లో నిర్మాతలను ఆదుకునేది ఈ లక్షణమే, కానీ మూసిన పైపు నాదం మెత్తగా, బోలుగా ఉంటుంది కనుక తెరిచిన పైపుకు అది పూర్తి బదులు కాదు. అటు చివర, రెండడుగుల స్టాప్‌లోని అతి చిన్న పైపులో మోగే భాగం ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు.

పొడవు శ్రుతిని నిర్ణయిస్తే, లావు నాదాన్ని నిర్ణయిస్తుంది. లావు పైపు వేణువులా పలుకుతుంది, సన్నపైపు తీగవాద్యంలా పలుకుతుంది. అయితే పొడవు స్థాయికి సగమైనట్టే వ్యాసాన్నీ సగం చేసుకుంటూ పోతే పై స్వరాలు పీలగా తయారవుతాయి. అందుకే వ్యాసం ఇంకా నెమ్మదిగా తగ్గాలి. 19వ శతాబ్దంలో వైమార్‌లో పనిచేసిన యోహాన్ గాట్‌లోబ్ ట్యోప్ఫర్ దీనికి లెక్క కట్టి, 17వ పైపు దగ్గర వ్యాసం సగమయ్యే కొలతను ప్రతిపాదించాడు. నేటికీ నిర్మాతలు తమ కొలతలను దానితో పోల్చి చెప్పుకుంటారు. పాత నిర్మాతలు మాత్రం ఒక్క సూత్రానికి కట్టుబడకుండా వరుస మధ్యలో కొలత మార్చేవారు, వినగా ఆ మార్పులే బాగుంటాయని నా అభిప్రాయం.

పైపులను దేనితో, ఎలా చేస్తారు?

చెక్క పైపులకు ఓక్, పైన్ వంటి కలప వాడతారు. లోహపు పైపుల్లో అధిక భాగం తగరం, సీసం కలిపిన మిశ్రమం. తగరం పాలు పెరిగేకొద్దీ రేకు గట్టిగా, మెరుపుగా ఉండి ముఖభాగపు పైపులకు పనికివస్తుంది. సీసం పాలు పెరిగితే మెత్తబడుతుంది. రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడు రేకు చల్లారుతూ ఒళ్ళంతా మచ్చలు తేరుతుంది. పెద్ద మంద్ర పైపులకు జింకు రేకు వాడడం 19వ శతాబ్దం నుంచి వచ్చింది.

రేకు పోత పోసే పని చూడదగ్గది. నాలుగైదు మీటర్ల పొడవైన చదునైన బల్ల మీద గుడ్డ గానీ, సన్నని ఇసుక పొర గానీ పరుస్తారు. కరిగిన లోహాన్ని బల్ల ఒక చివరనున్న అడుగులేని చెక్క తొట్టెలో పోసి, కాసేపు కదపకుండా ఆగుతారు. పోతగాడు లోహం ఉపరితలాన్నే చూస్తుంటాడు. అంచుల దగ్గర చిన్న పలుకులు కట్టడం మొదలైన క్షణంలో ఇద్దరు మనుషులు తొట్టెను ఒక్క ఊపున బల్ల రెండో చివరికి నడిపిస్తారు. వెనక సందులోంచి జారిన లోహం బల్ల మీద అద్దంలా పరుచుకుని, కొన్ని క్షణాల్లో ఆ అద్దం మసకబారుతుంది. తొందరపడితే రేకు పలుచబడుతుంది, ఆలస్యమైతే తొట్టెలోనే గడ్డకడుతుంది. చల్లారిన రేకును కావలసిన మందానికి చిత్రిక పడతారు, పాత పద్ధతిలో సుత్తితో కొట్టి గట్టిపరుస్తారు. తరువాత కొలతకు కత్తిరించి, గుండ్రటి దిమ్మ మీద చుట్టి, అంచులకు రెండువైపులా సుద్ద, బంక కలిపిన పూత రాసి ఆరనిచ్చి, పూత గీకిన సన్నని గీత వెంబడి టంకం వేస్తారు. టంకం పక్కకు పాకకుండా ఆ పూతే ఆపుతుంది.

ఇసుక మీద పోయడమా, గుడ్డ మీద పోయడమా అన్నది చాదస్తంగా కనిపించవచ్చు, కానీ స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓర్గ్రూటే చర్చి కోసం 17వ శతాబ్దపు ఉత్తర జర్మన్ శైలిలో ఒక ఆర్గన్ కట్టించినప్పుడు ఇసుక పోతను తిరిగి కనుగొనడం ఆ పనిలో ఒక ప్రధాన భాగమైంది. ఇసుక మీద లోహం త్వరగా చల్లారుతుంది, దాంతో లోహంలోని సూక్ష్మ నిర్మాణం మారుతుంది. ఆ వాద్యం 2000లో పూర్తయింది.

వాయిసింగ్ అంటే ఏమిటి? శ్రుతి చేయడం కంటే అది వేరా?

వేరు. శ్రుతి చేయడం స్వరాన్ని సరిచేస్తుంది, వాయిసింగ్ పైపుకు గొంతునిస్తుంది. పోతలో, కొలతలో ఎంత జాగ్రత్త పడినా, కొత్తగా అతికిన పైపు మొదట ఊదినప్పుడు సాధారణంగా బుసకొడుతుంది, లేదా పై స్థాయికి ఎగిరిపోతుంది, లేదా అసలు మోగదు. వాయిసర్ దాన్ని చేతిలోకి తీసుకుని పని మొదలుపెడతాడు. నోరు ఎంత ఎత్తున కోయాలి, పైపు అడుగు భాగమైన కాలి కొనలోని రంధ్రం ఎంత ఉండాలి, నోటి అడుగున అడ్డంగా ఉండే పలక ఎంత ఎత్తున నిలవాలి, గాలి వెలువడే సందు ఎంత సన్నగా ఉండాలి, ఆ పలక అంచు మీద గాట్లు పెట్టాలా వద్దా, ఇవన్నీ అతడు పైపు పైపుకూ విడిగా నిర్ణయించుకోవలసిన విషయాలు. నోరు తక్కువ ఎత్తున ఉంటే నాదం పదునుగా, ఎక్కువ ఎత్తున ఉంటే గుండ్రంగా వస్తుంది. గాట్లు పెడితే పైపు మాట అందుకునేటప్పుడు వచ్చే చిన్న తుప్పర ధ్వని తగ్గి స్వరం నునుపవుతుంది. 19వ శతాబ్దం ఆ నునుపును కోరింది. 20వ శతాబ్దపు సంస్కర్తలు ఆ తుప్పరనే ప్రాణంగా భావించి గాట్లు మానేశారు.

ఇందులో మరచిపోకూడని సంగతి ఒకటుంది. నోటిని పైకి కోయవచ్చు, కోసింది మళ్ళీ దించలేము. దించాలంటే కొత్త లోహం అతకాలి, అతికిన పెదవి పాత పెదవి కాదు. పెట్టిన గాటును పూడ్చినా ఆనవాలు ఉంటుంది. అందుకే మంచి వాయిసర్ వెంట్రుకవాసి కోస్తాడు, ఊదుతాడు, వింటాడు, పక్కన పెడతాడు. కార్ఖానాలో సరిగా పలికిన పైపు కూడా భవనంలో వేరేగా వినిపిస్తుంది కనుక, చివరి పని అంతా వాద్యం నిలిచే చోటే, చాలాసార్లు వీధి చప్పుడు సద్దుమణిగిన రాత్రివేళల్లో జరుగుతుంది. రీడు పైపుల్లో ఈ మెళకువంతా ఇత్తడి నాలుకకు ఇచ్చే ఒంపులో ఉంటుంది. ఆ ఒంపు కంటికి దాదాపు ఆనదు.

మెట్టు నొక్కితే కవాటం ఎలా తెరుచుకుంటుంది?

పురాతనమూ, ఇప్పటికీ చాలామంది వాద్యకారులు ఇష్టపడేదీ యాంత్రిక పద్ధతి. మెట్టు నుంచి కవాటం వరకు పలుచని చెక్క బద్దలు, మీటలు, దిశ మార్చే తిరుగుడు కమ్మీలు ఉంటాయి, కవాటం గాలి ఒత్తిడికి ఎదురుగా తెరుచుకునే ఆ చిన్న పట్టు వేలికి తెలుస్తుంది. వాద్యం పెద్దదయ్యేకొద్దీ ఆ పట్టు బరువుగా మారుతుంది. ఇంగ్లండ్‌కు చెందిన చార్లెస్ బార్కర్ దీనికి పరిష్కారంగా, మెట్టు ఒక చిన్న తిత్తిని నింపితే ఆ తిత్తే బరువు లాగే ఏర్పాటు కనిపెట్టాడు. ఫ్రెంచ్ నిర్మాత అరిస్టీడ్ కవయే-కోల్ దాన్ని పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్ ఆర్గన్‌లో వాడాడు, అది 1841లో పూర్తయింది. ఆ తరువాత సన్నని సీసపు గొట్టాలతో గాలిని పంపే పద్ధతి, ఆపై విద్యుదయస్కాంతాలతో నడిచే పద్ధతి వచ్చాయి. విద్యుత్తు ఉంటే కన్సోల్‌ను, అంటే కీబోర్డులు, స్టాప్ మీటలు ఉండే వాద్యకారుడి బల్లను, పైపులకు ఎంత దూరంలోనైనా పెట్టవచ్చు. ఆ సౌకర్యానికి బదులుగా వేలు కవాటంతో మాట్లాడడం మానేస్తుంది.

గాలి ఒత్తిడి ఎంత ఉంటుంది?

నీటి స్తంభం ఎత్తులో కొలుస్తారు. చాలా ఆర్గన్లలో అది 60 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, అంటే నోటితో తేలికగా ఊదగలిగినంతే. పెద్ద సభామందిరాల్లోని కొన్ని స్టాపులకు ఇంతకు ఎన్నో రెట్లు వాడతారు. విద్యుత్ మోటారు రాకముందు తిత్తులను మనుషులు కాళ్ళతో తొక్కేవారు, లేదా మీటలతో ఆడించేవారు. ఇప్పుడు ఫ్యాను గాలిని నింపుతుంది, కానీ ఆ గాలిని నిలకడ చేయడానికి బరువులు పెట్టిన తిత్తి ఇంకా అవసరమే. పాత వాద్యాల్లో గాలి కాస్త ఊగుతుంది. కొందరికి అది లోపం, మరికొందరికి అది ఊపిరి. పునరుద్ధరణలో దాన్ని అతిగా సరిదిద్దితే పాత పైపులు ప్రాణం లేనట్టు వినిపిస్తాయి.

ఆర్గన్ ఎందుకు పాడవుతుంది?

ఎక్కువగా తోలు, తడి, పొడి, దుమ్ము. తిత్తులకూ కవాటాలకూ అతికిన గొర్రె తోలు కొన్ని దశాబ్దాలకు బిరుసెక్కి మడతల దగ్గర చిట్లుతుంది, గాలిలో గంధకపు కాలుష్యం ఉన్న నగరాల్లో ఇంకా ముందే పొడిగా రాలుతుంది. భవనంలో చలికాలం వేడి పెట్టినప్పుడు గాలి ఎండిపోయి గాలిపెట్టె పలకలు బీటలు వారతాయి, అప్పుడు ఒక స్వరపు గాలి గాలిపెట్టెలోనే పక్క స్వరపు అరలోకి కారి నొక్కని పైపు సన్నగా మూలుగుతుంది. దుమ్ము పైపు నోట్లో చేరితే పలుకు మందగిస్తుంది. చెక్కపురుగు సంగతి చెప్పనక్కరలేదు.

సీసపు పైపులకు మరో శత్రువు ఉంది. ఓక్ చెక్క నుంచి అసిటిక్ ఆమ్లపు ఆవిరి నెమ్మదిగా వెలువడుతుంది, గాలి బయటికి పోని పెట్టెల్లో అది పైపుల కాళ్ళను లోపలి నుంచి తినేస్తుంది. జర్మనీలోని ల్యూబెక్ సెయింట్ యాకోబీ చర్చిలో ఉన్న ష్టెల్‌వాగెన్ ఆర్గన్ పైపుల్లో కనిపించిన ఈ తినివేతను ఐరోపా పరిశోధకులు కలిసి అధ్యయనం చేశారు. కొత్తగా మార్చిన ఓక్ భాగాలు పాతవాటి కంటే ఎక్కువ ఆమ్లం వదులుతాయి కనుక, మేలు చేయబోయిన మరమ్మతే కీడు చేసే అవకాశం ఇక్కడ నిజంగా ఉంది.

పునరుద్ధరణ ఎక్కడ మొదలవుతుంది?

కాగితం మీద. ప్రతి పైపు పొడవు, వ్యాసం, నోటి వెడల్పు, కోత ఎత్తు, మీద గీసిన గుర్తులు, లోహం తీరు నమోదు చేస్తారు. పైపుల మీద నిర్మాతలు గీసిన స్వరాల అక్షరాల చేతిరాతను బట్టే ఏ పైపు ఏ కాలానిదో, ఎవరు దాన్ని చోటు మార్చారో తెలుస్తుంది. సొట్ట పడిన పైపును దిమ్మ మీద పెట్టి నెమ్మదిగా సరిచేస్తారు, చినిగిన అంచును అదే మిశ్రమంతో అతుకుతారు. తోలు అతకడానికి జంతు చర్మం నుంచి తీసిన వేడి బంకనే వాడతారు; వేడి, తడి తగిలితే అది మళ్ళీ వదులుతుంది, కాబట్టి యాభై ఏళ్ళ తరువాత వచ్చేవారు చెక్కను గాయపరచకుండా తోలు విప్పగలుగుతారు. ఆధునిక బంకలు ఇంకా గట్టిగా పట్టుకుంటాయన్న మాట నిజమే, వాటితో వచ్చే చిక్కూ అదే.

పాత ఆర్గన్‌ను ఏ కాలపు స్థితికి తీసుకురావాలి?

అన్ని ప్రశ్నల్లోకీ ఇదే కష్టమైనది, దీనికి సూత్రం లేదు. శతాబ్దాలు నిలిచిన ఆర్గన్‌లో ఒకే నిర్మాత పని అరుదుగా ఉంటుంది. పారిస్ సెయింట్ సుల్పిస్ ఆర్గన్‌ను తీసుకోండి. కవయే-కోల్ 1862లో దాన్ని పూర్తి చేసినప్పుడు, అంతకుముందు 1781లో క్లికో అనే నిర్మాత కట్టిన వాద్యపు పైపులను ఎన్నింటినో తన పథకంలో ఇముడ్చుకున్నాడు. ఎవరైనా క్లికో స్థితిని తిరిగి తేవాలనుకుంటే, 19వ శతాబ్దపు ఒక గొప్ప వాద్యాన్ని చంపవలసి వస్తుంది. అక్కడ ఆ ప్రయత్నం ఎవరూ చేయలేదు, అది సరైన నిర్ణయం.

హాంబర్గ్ సెయింట్ యాకోబీ కథ వేరు. ఆర్ప్ ష్నిట్‌గర్ 1693లో పూర్తి చేసిన ఆ నాలుగు కీబోర్డుల ఆర్గన్‌లో అతడు కూడా తనకు ముందరి నిర్మాతల పైపులను ఉంచుకున్నాడు. 1917లో ముఖభాగపు తగరపు పైపులను యుద్ధ అవసరాలకు కరిగించారు. రెండో ప్రపంచయుద్ధంలో చర్చి కాలిపోయింది, అయితే ముందే విప్పి దాచిన పైపులు, గాలిపెట్టెలు మిగిలాయి. జర్మన్ నిర్మాత యుర్గెన్ ఆరెండ్ చేపట్టిన పునరుద్ధరణ 1993లో ముగిసింది. పోయిన భాగాలను ష్నిట్‌గర్ ఇతర వాద్యాల ఆధారంగా తిరిగి కట్టారు. అక్కడ ష్నిట్‌గర్ తరువాతి చేర్పులు తీసేయడానికి బలమైన కారణం ఉంది, ఎందుకంటే మిగిలిన పాత పైపులే ఆ వాద్యపు విలువ, వాటికి తగిన ఇల్లు అప్పటికే పోయింది.

ఈ రెంటి మధ్య పడే సాధారణ వాద్యాలే ఎక్కువ. వాటి విషయంలో నేను చెప్పగలిగింది, తరువాతి తరం చేసిన మార్పు బాగా చేసినదైతే, అది తొలి నిర్మాతది కాదన్న ఒక్క కారణంతో దాన్ని తీసేయకూడదు. 20వ శతాబ్దం మధ్యలో, బరోక్ కాలపు, అంటే 17, 18వ శతాబ్దాల, నాదం మీద మోజుతో, ఎన్నో 19వ శతాబ్దపు ఆర్గన్ల పైపుల నోళ్ళు కోసి, పైపులు కత్తిరించి, గాలి ఒత్తిడి తగ్గించి మార్చేశారు. ఆ చేతులకు అప్పట్లో అది పునరుద్ధరణే.

పారిస్ నోటర్ డామ్ అగ్నిప్రమాదంలో ఆర్గన్ ఎలా బయటపడింది?

2019 ఏప్రిల్ 15న పైకప్పు కాలినప్పుడు పెద్ద ఆర్గన్‌కు మంట తగలలేదు. కానీ కప్పు మీది సీసం కరిగి లేచిన ధూళి వాద్యమంతటా పరుచుకుంది. 2020లో దాదాపు 8,000 పైపులను విప్పి దింపారు, కార్ఖానాల్లో శుభ్రం చేశారు, గాలిపెట్టెల తోలు మార్చారు, తిరిగి నిలిపి నెలల తరబడి శ్రుతి, నాదం సరిచేశారు. 2024 డిసెంబరు 7న కేథడ్రల్ తిరిగి తెరిచిన రోజున అది మళ్ళీ మోగింది. ఆ మరమ్మతులో అధిక భాగం శుభ్రం చేయడమే, నాదాన్ని మార్చడం కాదు.

సీసం ప్రమాదకరం కదా, ఇంకా ఎందుకు వాడతారు?

పైపులో ఘనంగా ఉన్న సీసం వినేవారికి హాని చేయదు. ప్రమాదం పోతపోసే, చిత్రిక పట్టే, పాత ధూళి తుడిచే పనివారికి. వారికి గాలి వసతి, ముసుగులు, తరచు రక్తపరీక్ష అవసరం. 2006 ప్రాంతంలో ఐరోపా సమాఖ్య విద్యుత్ పరికరాల్లో సీసాన్ని పరిమితం చేసినప్పుడు, ఫ్యాను కరెంటుతో తిరుగుతుంది కనుక ఆర్గన్ కూడా ఆ నిబంధన కిందికి వస్తుందేమోనని నిర్మాతలు కలవరపడ్డారు. చివరికి ఆ భయం తొలగింది.

ఎన్నాళ్ళకోసారి శ్రుతి చేయాలి?

సాధారణంగా ఏడాదికి ఒకటి రెండు సార్లు, ముఖ్యంగా రీడు పైపులను. ఒక డిగ్రీ వేడి పెరిగితే ఫ్లూ పైపుల 440 కంపనాల స్వరం ముప్పావు కంపనం మేర పెరుగుతుంది, రీడు పైపులు అంతగా కదలవు. అందువల్ల వేసవిలో రీడులు తగ్గినట్టు వినిపిస్తాయి. నిజానికి కదిలింది మిగతా వాద్యం. వాద్యం వాడే వేళ ఉండే ఉష్ణోగ్రతలోనే శ్రుతి చేయాలి. పైపును చేత్తో పట్టుకుంటే ఒంటి వేడికే స్వరం మారుతుంది కనుక పనివాడు వీలైనంతవరకు దాన్ని తాకడు. పాత పైపుల కొనలను ఇత్తడి శంకువుతో తట్టి విప్పడం, ముడవడం అనే పద్ధతి ఏళ్ళ తరబడి సాగితే కొనలు నలిగి చీలుతాయి. అందుకని, స్వరం వినలేనంతగా తప్పితే తప్ప ఫ్లూ పైపుల జోలికి పోకపోవడం మేలు.

వెదురుతో చేసిన ఆర్గన్ నిజంగా ఉందా?

ఉంది. ఫిలిప్పీన్స్‌లోని లాస్ పిన్యాస్‌లో డియేగో సేరా అనే స్పానిష్ మతగురువు 1824లో పూర్తి చేసిన ఆర్గన్‌లో 1,031 పైపులుంటే, 902 వెదురువే. దాన్ని 1970ల్లో జర్మనీలోని బాన్ నగరంలో క్లాయిస్ సంస్థకు పంపి పునరుద్ధరించి, 1975లో తిరిగి తెచ్చారు. లోహమే కావాలన్న నియమం లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఈ పని నేర్చుకోవాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

జర్మనీలో మూడున్నరేళ్ళ శిష్యరికం ఉంది. శిష్యులు ఒక కార్ఖానాలో పనిచేస్తూ, లుడ్విగ్స్‌బుర్గ్‌లోని వృత్తి పాఠశాలలో తరగతులకు హాజరవుతారు. ఫ్రాన్స్‌లో ఆల్సాస్ ప్రాంతపు ఎషోలో శిక్షణ కేంద్రం ఉంది. జర్మనీ ఆర్గన్ నిర్మాణ కళనూ సంగీతాన్నీ యునెస్కో 2017లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దేశంలో దాదాపు 400 నిర్మాణ సంస్థలు, 50,000 ఆర్గన్లు ఉన్నట్టు ఆ సందర్భంలో పేర్కొన్నారు. వడ్రంగం, లోహపు పని, తోలు పని, విద్యుత్తు, గణితం అన్నీ కొద్దికొద్దిగా రావాలి, వీటిలో ఒకదానిలో చేయి తిరగాలి. వాయించడం రావడం మంచిదే కానీ తప్పనిసరి కాదు. చాలామంది శిష్యులు మొదటి ఏడు తోలు కోయడం, బద్దలు చిత్రిక పట్టడం, శ్రుతి చేసే పెద్దల కోసం మెట్లు నొక్కి పట్టుకుని కూర్చోవడంతోనే గడుపుతారు. నోటి కోత మీద కత్తి పెట్టనివ్వడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది.